వయొలిన్ సాధనలో ఎడమ భుజం నొప్పి: ఓర్చుకోవాలా, ఆపేయాలా?

మూలాపేట_అమ్మాయి
అందరికీ నమస్కారం. నాది నెల్లూరు మూలాపేట. 16 ఏళ్ళు, ఇంటర్ మొదటి సంవత్సరం. తొమ్మిదో ఏట నుంచి వయొలిన్ నేర్చుకుంటున్నాను. రెండు నెలలుగా ఎడమ భుజం నొప్పి. సాధనకి కూర్చున్న ఇరవై నిమిషాలకి మెడ పక్క నుంచి భుజం చివరిదాకా ఎవరో పట్టుకుని పిండినట్టు ఉంటుంది. ఇంకాసేపు వాయిస్తే మంట మొదలవుతుంది. రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నాను.

దసరాకి గుడిలో మా క్లాసు వాళ్ళ కచేరీ ఉంది. అట తాళ వర్ణం, అంటే పద్నాలుగు అక్షరాల తాళంలో సాగే రచన, నా వంతుకి వచ్చింది. అందుకని రోజూ గంట చేసే సాధనని వేసవి సెలవుల నుంచి రెండున్నర గంటలు చేశాను. మాస్టారికి నొప్పి సంగతి చెప్పలేదు, చెబితే కచేరీ నుంచి తీసేస్తారని భయం. అమ్మకి చెబితే ‘చదువు చూసుకో, అది మానెయ్’ అంటుంది. అమ్మమ్మ కనిపెట్టేసింది. పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకొద్దాం పద అంటోంది. ప్రస్తుతానికి నొప్పి మందు పూసుకుని వాయిస్తున్నాను. ఓర్చుకుంటే అదే అలవాటైపోతుందా? ఇలాంటిది ఎవరికైనా వచ్చిందా?

కావలి_కమాను
చెల్లీ, ఓర్చుకోవద్దు. ఇది చదవగానే నా సంగతే కళ్ళ ముందు కనబడింది, అందుకే పని ఆపి రాస్తున్నా.

నాకిప్పుడు 24. పంతొమ్మిదేళ్ళప్పుడు పెళ్ళిళ్ళ సీజన్లో ఒక బృందంతో తిరిగాను. రోజుకి ఐదారు గంటలు వాయించేవాణ్ణి, నెల రోజులు సెలవన్నది లేదు. నాకు కుడి భుజం పట్టేసింది. కమాను మంద్ర తీగ మీదికి తీసుకెళ్ళాలంటే మోచెయ్యి పైకి లేవాలి కదా, అక్కడ కలుక్కుమనేది. ఒక ఆసుపత్రికి వెళ్ళాను. ఏ పని చేస్తావు, ఎలా కూర్చుంటావు అని ఒక్క మాట అడగలేదు. ఇంజెక్షన్ వేసి పంపారు. నొప్పి మాయమైంది. బాగైపోయాననుకుని మళ్ళీ అదే పద్ధతిలో, అన్ని గంటలే వాయించాను. నెల తిరక్కుండానే చెయ్యెత్తి తల దువ్వుకోలేని స్థితికి వచ్చా. చొక్కా వేసుకోవాలంటే మా తమ్ముడు చెయ్యి పట్టుకునేవాడు.

ఎనిమిది నెలలు ఫిడేలు పెట్టె తెరవలేదు. తర్వాత ఒక ఫిజియో దగ్గర మొదలుపెట్టి, మొదటి వారం రోజుకి ఐదు నిమిషాలు, అదీ ఉత్త తీగల మీద కమాను లాగడమే. నువ్వు ఇంకా మొదట్లోనే ఉన్నావు. మందు పూసుకుని వాయించడం మాత్రం ఈ రోజే ఆపు. నొప్పి నీతో ఏదో చెబుతోంది, మందు దాని నోరు మూస్తోంది అంతే.

ఫిజియో_అక్క
నెల్లూరులోనే ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. వయొలిన్ నాకు రాదు. కానీ టైలర్లు, బ్యూటీ పార్లర్ అమ్మాయిలు, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు ఇదే చోట చెయ్యి పెట్టి చూపిస్తూ రోజూ వస్తారు. చూడకుండా రోగం పేరు చెప్పను. ముందు కొన్ని సంగతులు అడుగుతాను, నిజాయితీగా చెప్పమ్మా.

వేళ్ళలో తిమ్మిరిగానీ, మొద్దుబారినట్టుగానీ ఉందా? గ్లాసు, పుస్తకం లాంటివి చేతిలోంచి జారుతున్నాయా? చెయ్యి పక్క నుంచి పైకెత్తుతుంటే మధ్యలో ఒక చోట పట్టేసినట్టు అవుతుందా? వాయించకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా నొప్పి ఉంటుందా? ఎక్కడైనా పడ్డావా, బండి మీద నుంచి జారావా? జ్వరం, వాపు ఏమైనా ఉన్నాయా? తిమ్మిరి, పట్టు తప్పడం, వాపు, జ్వరం, పడిన దెబ్బ వీటిలో ఒక్కటి ఉన్నా ఇక్కడ మా మాటలు చదువుతూ కూర్చోవద్దు, ఎముకల డాక్టర్‌కి చూపించుకో.

పుత్తూరు కట్టు గురించి: అమ్మమ్మ ప్రేమతోనే అంటున్నారు. అక్కడికి జనం వెళ్ళేది ఎముక విరిగితే. విరగని భుజాన్ని కదలకుండా కట్టేస్తే బిగుసుకుపోతుంది. ఈ మాట ఆమెకి నెమ్మదిగా చెప్పు.

పాతకాలపు_శ్రోత
నేను వాయించను, మా ఇంట్లో మా అన్నయ్య వాయించేవారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎనిమిదింటి దాకా సాధన చేసేవారు. నొప్పి, గిప్పి అన్న మాట ఎప్పుడూ వినలేదు. ఈ కాలం పిల్లలకి ఓపిక తక్కువైందని నా బాధ. నొప్పి లేకుండా ఏ విద్యా రాదమ్మా. కొద్దిగా ఓర్చుకుంటే దాటిపోతావు.

మూలాపేట_అమ్మాయి
అక్కా, తిమ్మిరి లేదు, వస్తువులు జారడం లేదు. ఎక్కడా పడలేదు. చెయ్యి పైకెత్తితే కొంచెం పట్టేస్తుంది గానీ పూర్తిగా పైకి వెళ్తుంది. వాయించని రోజు సాయంత్రానికి చాలా తగ్గుతుంది. ఆదివారం మా బంధువుల పెళ్ళికి వెళ్ళి రోజంతా వయొలిన్ ముట్టలేదు, ఆ రాత్రి బాగానే నిద్ర పట్టింది.

ఇంకో విషయం. నేను సాధన ఇంట్లో నైటీ మీదో, చుడీదార్ మీదో చేస్తాను. చున్నీ జార్జెట్‌ది. వయొలిన్ దాని మీద జారుతూ ఉంటుంది. జారకుండా భుజం కొంచెం పైకి ఎత్తి పెడతానని ఇప్పుడు అద్దంలో చూస్తే తెలిసింది! ఇన్నాళ్ళూ గమనించలేదు. కూర్చున్న ఫొటో మొహం కనబడకుండా పెడుతున్నాను.

ఫిజియో_అక్క
నువ్వే కనిపెట్టావు చూడు. బిందెడు నీళ్ళు ఎత్తి అరుగు మీద పెట్టడం పెద్ద కష్టం కాదు. ఎత్తి, అలాగే పట్టుకుని నిలబడమంటే రెండు నిమిషాలకి చెయ్యి వణుకుతుంది. వయొలిన్ అర కిలో కూడా ఉండదు, కానీ భుజం పైకెత్తి రెండున్నర గంటలు అలాగే ఉంచితే ఆ కండకి వదులయ్యే సందే దొరకదు. బిగిసే ఉన్న కండలోకి రక్తం సరిగ్గా పారదు. నీకు మంట అనిపించేది అదే అయి ఉండొచ్చు. దానికి తోడు గంట సాధనని ఒక్కసారిగా రెండున్నర గంటలకి తీసుకెళ్ళావు. భుజం అంత త్వరగా తయారు కాదమ్మా, ఎంత చిన్న వయసైనా సరే.

ఒంగోలు_ఫిడేలు_మాస్టారు
అమ్మా, నేను ఒంగోలులో ఉంటాను. నలభై ఏళ్ళుగా పిల్లలకి వయొలిన్ చెబుతున్నాను. నీ ఫొటో పెద్దది చేసి చూశాను. మీ గురువుగారిని కాదని ఒక్క మాట కూడా అనను. ఆయన ఎదురుగా కూర్చున్నప్పుడు నువ్వు జాగ్రత్తగానే కూర్చుంటావు. ఇంట్లో ఎలా కూర్చుంటున్నావన్నది ఆయనకి కనబడదు కదా.

మన పద్ధతిలో కింద కూర్చుని ఫిడేలు తల కుడి పాదం మీద ఆనిస్తాం కదా. నీ కుడి పాదం ఒడి దగ్గరికి లాగేసుకుని ఉంది. ఆ దూరం తొమ్మిదేళ్ళ పిల్లది. అప్పుడు నేర్చిన కూర్చోవడం అలాగే ఉండిపోయింది, నువ్వు మాత్రం ఎదిగావు. నడుం పొడుగైంది, చెయ్యి పొడుగైంది. అంత దగ్గర పెట్టుకునేసరికి ఫిడేలు కిందికి వాలిపోయింది. దాన్ని అందుకోవడానికి నువ్వు వీపు గూనిగా వంచావు. ఫిడేలు తల పాదం మీద ఆనలేదు, మడమ పక్కకి జారి ఉంది. మరి బరువు ఎవరు మోస్తున్నారు? నీ ఎడమ బొటనవేలు, నీ భుజం.

ఈ పరీక్ష చెయ్యి. కూర్చుని ఫిడేలు సర్దుకో. ఎడమ చెయ్యి పూర్తిగా తీసి ఒళ్ళో పెట్టుకో. కుడి చేత్తో ఉత్త తీగల మీద నిడివిగా కమాను లాగు. ఫిడేలు కదలకూడదు, జారకూడదు. పాదం ఒక పక్క, కాలర్ ఎముక దగ్గర ఇంకో పక్క, ఈ రెండు చోట్లా అది ఆనితే చాలు. ఎడమ చేతి పని గమకం పలికించడం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం, మోయడం కాదు. చెయ్యి తీయగానే ఫిడేలు జారిపోతే నీ నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో తెలిసిపోయినట్టే.

జారకుండా ఉండటానికి చున్నీ తీసేసి, నలిగిన నూలు గుడ్డ, పాత పంచె ముక్క అయినా సరే, నాలుగు మడతలు పెట్టి భుజం దగ్గర వేసుకో. కింద ఒక దుప్పటి మడిచి దాని మీద కూర్చో. తుంటి మోకాళ్ళ కంటే కాస్త ఎత్తులో ఉంటే వీపు దానంతటదే నిలబడుతుంది. పాదం నాలుగు వేళ్ళ వెడల్పు ముందుకి జరుపు. ఒక్కరోజులో కుదరదు. వారం పది రోజులు కొత్తగా, అపశ్రుతిగా ఉంటుంది. వేళ్ళు స్థానాలు వెతుక్కుంటాయి. కంగారు పడకు.

పాతకాలపు శ్రోత గారికి: అయ్యా, మీ అన్నగారి సాధనకి నమస్కారం. నేనూ తెల్లవారుజామునే లేచినవాణ్ణే. కానీ మా తరంలో నొప్పి లేక కాదు, చెప్పే చోటు లేక ఊరుకున్నాం. నాతో నేర్చుకున్న ఒకతను ముప్పై ఏళ్ళకే చెయ్యి ఎత్తలేక ఫిడేలు అమ్మేశాడు. అతని భైరవి ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వేలికొస మీద తీగ రాసి కాయ కాయడం వేరు, కీలులో నొప్పి వేరు. మొదటిది విద్యలో భాగమే. రెండోది కాదు.

పాతకాలపు_శ్రోత
మాస్టారూ, మీరన్నాక ఆలోచిస్తున్నాను. మా అన్నయ్య చివరి పదేళ్ళు వాయించలేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పేవారు. భుజం సంగతి మేమెప్పుడూ అడగలేదు. అమ్మాయ్, నా మాట పట్టించుకోవద్దు, మాస్టారు చెప్పినట్టు చెయ్యి.

చర్చి_వయొలిన్
నేనూ ఒంగోలే. మా చర్చి క్వయర్లో వాయిస్తాను, పాశ్చాత్య పద్ధతి. మాకు కూర్చోవడం గొడవ లేదు, నిలబడి గడ్డం కింద పెట్టుకుంటాం. అయినా ఎడమ భుజం నొప్పి మాకూ వస్తుంది. మెడకీ భుజానికీ మధ్య ఖాళీ ఉంటే దాన్ని పూడ్చడానికి భుజం పైకి లేస్తుంది, తల గట్టిగా అదుముతుంది. నాది పొడుగు మెడ. మొదట స్పాంజి ముక్క రబ్బరు బ్యాండుతో కట్టి వాడాను, తర్వాత షోల్డర్ రెస్టు కొన్నాను. గడ్డం ఆనించే చిన్‌రెస్టు ఎత్తుది మార్చాక దవడ నొప్పి కూడా పోయింది. పద్ధతి ఏదైనా ఖాళీని వస్తువుతో పూడ్చాలి, కండతో కాదు అని మా టీచర్ అనేవారు.

ఒక సందేహం మాస్టారూ. కర్ణాటక పద్ధతిలో షోల్డర్ రెస్టు పెట్టుకుంటే తప్పా? శాస్త్రం ఒప్పుకోదా?

ఒంగోలు_ఫిడేలు_మాస్టారు
మంచి ప్రశ్న నాయనా. ఫిడేలు మన సంగీతంలోకి వచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది, అంతే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) మద్రాసులో యూరోపియన్ల దగ్గర నేర్చుకుని మన సంగీతానికి వాడారు. అది గడ్డం కింద పెట్టుకునే వాద్యం. మనవాళ్ళు దాన్ని కిందికి దించి పాదం మీద ఆనించారు. ఎందుకు? ఎడమ చెయ్యి మోసే పని లేకుండా తీగ మీద పైకీ కిందికీ జారాలి, అప్పుడే గమకం పలుకుతుంది. అంటే మనం కూర్చునే తీరు చెయ్యికి స్వేచ్ఛ కోసం మన పెద్దలు చేసుకున్న మార్పు. ఆ తీరే నీ చేతిని కట్టేస్తుంటే మళ్ళీ సర్దుకోవడం తప్పెలా అవుతుంది? గుడ్డ పెట్టు, దిండు పెట్టు, సన్న రబ్బరు షీటు పెట్టు. నాదం బాగుండాలి, మనిషి బాగుండాలి.

దర్గామిట్ట_అమ్మ
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మా బాబుకి తొమ్మిదేళ్ళు. సంగీతంలో చేర్చి నాలుగు నెలలైంది. ఎట్టాగూ పెరుగుతాడు కదా అని పెద్దవాళ్ళ సైజు వయొలినే కొన్నాం, స్కూలు యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించినట్టు. వాడు కూడా పదిహేను నిమిషాలకే చెయ్యి నొప్పి అంటున్నాడు. సాకులు చెబుతున్నాడని రెండుసార్లు కేకలేశాను. ఇది చదివాక మనసు అదోలా ఉంది.

కావలి_కమాను
అక్కా, యూనిఫాం పెద్దదైతే మడిచి కుట్టొచ్చు, ఫిడేలు మడవలేం. ఫుల్ సైజు ఫిడేలు బాడీయే 14 అంగుళాలు ఉంటుంది. పిల్లలకని ముప్పావు సైజు, అర సైజు, ఇంకా చిన్నవి కూడా దొరుకుతాయి. బాబు ఎడమ చెయ్యి ముందుకి చాపమని, ఫిడేలుని వాడి మెడ దగ్గర నుంచి చేతి పొడుగునా పెట్టి చూడండి. ఫిడేలు తల అరచేతిలోకి వచ్చి, మోచెయ్యి కాస్త వంగి ఉండగానే వేళ్ళు దాన్ని చుట్టగలిగితే సరిపోయినట్టు. చెయ్యి పూర్తిగా చాచి అందుకోవాల్సి వస్తే అది వాడి సైజు కాదు. మీ పాతదాన్ని తిరిగి ఇచ్చేసి మార్చుకునే వీలుందేమో కొన్న చోట అడగండి. లేకపోతే పినాకిని రైల్లో చెన్నై వెళ్ళి, బాబుని వెంట తీసుకెళ్ళి, చేతికి పెట్టి చూసి కొనండి. ఫోన్లో చెప్పి తెప్పించుకోవద్దు.

ఇంకోటి అందరికీ. మన వైపు అక్టోబరు, నవంబరు వానలకి గాలిలో తేమ ఎక్కువ. కమాను వెంట్రుకలు సాగి వదులవుతాయి. శబ్దం రావట్లేదని మనం కుడి చేత్తో అదుముతాం, దాంతో కుడి భుజం పోతుంది. అలాంటప్పుడు కొంచెం బిగించి, వెంట్రుకలకి రాసే రోజిన్ సరిగ్గా పట్టించి వాయించండి. అయిపోగానే మళ్ళీ వదులు చెయ్యండి. తీగలు బిగించే బిరడాలు ఉబ్బి తిరగకపోతే మెలితిప్పి బలం పెట్టొద్దు. నేను ఒకసారి అట్టా తిప్పి తీగ తెంపుకున్నా, భుజమూ పట్టించుకున్నా.

ఫిజియో_అక్క
మూలాపేట అమ్మాయికి. ఈ వారం నువ్వు చేయాల్సింది చెబుతాను. నొప్పి పెరిగితే వెంటనే ఆపి, ఎవరికైనా ఎదురుగా చూపించుకో.

మూడు రోజులు వయొలిన్ ముట్టకు. అలాగని చెయ్యి కట్టుకుని కూర్చోవద్దు, మామూలు పనులు చేసుకో. తర్వాత పదిహేను నిమిషాలు వాయించు, ఫోన్లో టైమర్ పెట్టుకో. మోగగానే కీర్తన మధ్యలో ఉన్నా సరే కింద పెట్టి లేచి, ఐదు నిమిషాలు ఇంట్లో అటూ ఇటూ తిరుగు. రోజుకి ఇలా రెండుసార్లు. నొప్పి పదికి రెండు దాటకుండా ఉండి, మర్నాడు పొద్దుటికి పూర్తిగా పోతే వారానికి కొంచెం కొంచెంగా పెంచుకో. మర్నాడు కూడా మిగిలితే ముందటి వారం కొలతకి వెనక్కి వెళ్ళు. పరీక్ష ఎప్పుడు, కచేరీ ఎప్పుడు అని నీ భుజానికి తెలియదు, దానికి తెలిసింది నిన్న ఎంత మోసిందన్నదే.

వాయించే ముందు భుజాలు గుండ్రంగా వెనక్కి పది సార్లు తిప్పు. గుమ్మం మధ్యలో నిలబడి రెండు చేతులూ పక్క చెక్కలకి ఆనించి ఛాతీ నెమ్మదిగా ముందుకి తోసి ఇరవై లెక్కపెట్టు. వెనక రెక్క ఎముకలు రెండూ దగ్గరికి తెచ్చి ఐదు లెక్కపెట్టి వదిలెయ్. ఇది మాత్రం రోజుకి మూడు నాలుగు సార్లు, కాలేజీలో బెంచీ మీద కూర్చుని కూడా చేయొచ్చు. ఈ కండలు గట్టిపడితేనే పైనున్న కండ మోత తగ్గించుకుంటుంది. ఇంటర్ పుస్తకాల బ్యాగు ఒక్క భుజానికే వేసుకుంటావా? ఏ భుజానికి?

నొప్పి మాత్రలు నీ అంతట నువ్వు మింగొద్దు. వేడినీళ్ళ బ్యాగు పెట్టుకోవచ్చు, గుడ్డ చుట్టి. రెండు వారాల్లో మార్పు లేకపోతే డాక్టర్‌ దగ్గరికి అమ్మతో కలిసి వెళ్ళు. వెళ్ళేటప్పుడు వయొలిన్ తీసుకెళ్ళి, అక్కడ కూర్చుని వాయించి చూపించు. చూస్తేనే తెలుస్తుంది.

మూలాపేట_అమ్మాయి
బ్యాగు ఎడమ భుజానికేనక్కా... ఇప్పటి నుంచి రెండు పట్టీలూ వేసుకుంటాను.

మాస్టారూ, మీరు చెప్పిన పరీక్ష చేశాను. ఎడమ చెయ్యి తీయగానే వయొలిన్ జారి ఒళ్ళో పడింది. చాలా సేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఏడేళ్ళుగా పట్టుకుని ఉన్నానన్నమాట.

కానీ మూడు రోజులు ముట్టకుండా ఎలా? వర్ణం మర్చిపోనా?

ఒంగోలు_ఫిడేలు_మాస్టారు
మర్చిపోవు. ఆ మూడు రోజులూ పాడు. తాళం వేస్తూ స్వరం పాడు, తర్వాత సాహిత్యం పాడు. మన ఫిడేలు గొంతు వెనకే నడుస్తుంది, గొంతులో ఉన్నది వేలికి వస్తుంది. బస్సులో కూర్చుని కళ్ళు మూసుకుని ఏ స్వరానికి ఏ వేలు అనుకుంటూ వెళ్ళు. అదీ సాధనే. అట తాళం పద్నాలుగు అక్షరాలూ తొడ మీద కుడి చేత్తో వెయ్యి, ఎడమ భుజానికి విశ్రాంతి.

ఇక ముఖ్యమైనది. మీ గురువుగారికి చెప్పు. నా శిష్యులెవరైనా నొప్పి దాచారని తర్వాత తెలిస్తే నాకు కలిగే బాధ, కచేరీలో ఒకరు తగ్గారంటే కలగదు. ఆయనా అంతే. రేపే వెళ్ళు.

దర్గామిట్ట_అమ్మ
మా బాబు చేతికి పెట్టి కొలిచాం. వేలికొసలు కూడా సరిగ్గా అందలేదు. అర సైజు తీసుకుంటున్నాం. రాత్రి వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని కేకలేసినందుకు సారీ నాన్నా అని చెప్పాను. అమ్మాయ్, నీ తల్లికి కూడా చెప్పు. మేము మానెయ్ అనేది భయంతో అంటాం తల్లీ. నొప్పి అని తెలిస్తే నీతో ఆసుపత్రికి వచ్చేది ఆవిడే.

మూలాపేట_అమ్మాయి
ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

మాస్టారికి చెప్పాను. ఏడ్చేశాను కూడా. ఆయన తిట్టలేదు. చాప మీద నన్ను కూర్చోబెట్టి, నా పాదం దూరం తన జానతో కొలిచి, సుద్దముక్కతో నేల మీద గీత గీశారు. ‘ఇక్కడ పెట్టు, ఇది దాటి లోపలికి రావద్దు’ అన్నారు. ఇంట్లో కూడా అదే కొలతకి మా చెల్లి గీత గీసింది. తుడిచినప్పుడల్లా మళ్ళీ గీస్తోంది.

అమ్మే ఫిజియో దగ్గరికి తీసుకెళ్ళింది. వయొలిన్ తీసుకెళ్ళి వాయించి చూపించాను. మెడ నుంచి భుజానికి వచ్చే కండ అలిసి బిగుసుకుందని, కీలు లోపల దెబ్బేమీ కనబడలేదని అన్నారు. రబ్బరు బ్యాండుతో వ్యాయామాలు ఇచ్చారు. మొదటి రెండు వారాలు చాలా కష్టంగా గడిచాయి. పాదం జరిపేసరికి శ్రుతి కుదరలేదు, గాంధారం ఎక్కడుందో వెతుక్కున్నాను. ఒకరోజు విసుగొచ్చి పాత పద్ధతిలో కూర్చున్నాను, అరగంటకే అదే మంట. అప్పుడు నమ్మకం కుదిరింది. ఇప్పుడు ఇరవై ఐదు నిమిషాల చొప్పున మూడుసార్లు వాయిస్తున్నాను. వర్ణం రెండు కాలాల్లోనూ, అంటే మామూలు వేగంలోనూ దానికి రెట్టింపులోనూ, వస్తోంది. మూడో కాలం ఇంకా మొదలుపెట్టొద్దన్నారు మాస్టారు.

కచేరీ నుంచి నన్ను తీసెయ్యలేదు. వర్ణంలో మొదటి భాగమైన పూర్వాంగం నాకిచ్చి, రెండో భాగమైన ఉత్తరాంగం మాతో నేర్చుకునే ఇంకో అమ్మాయికి ఇచ్చారు. మొదట మనసు చివుక్కుమంది. కానీ ఆ అమ్మాయి వచ్చి, తనకీ కుడి భుజం నొప్పిగా ఉందని, ఎవరికీ చెప్పలేదని చెప్పింది. ఈ చర్చ మొత్తం తనకి చదివి వినిపించాను. కావలి అన్న రాసిన రోజిన్ సంగతి దగ్గర ఆగి, తన కమాను తీసి చూసుకుంది.

నిన్న రాత్రి నిద్రలో ఎడమ పక్కకి తిరిగి పడుకున్నానంట. పొద్దున్నే అమ్మమ్మ చెప్పింది.